రౌతును రైతును

రౌతు, రైతు అను రెండు పదములకు వ్రాతలో భేదము మిక్కిలి స్వల్పము. రౌతనగా గుఱ్ఱమెక్కువాడు. ఈ పదము రాజపుత్ర శబ్దమునుండి ప్రాకృతము మీదుగా మన భాషలోనికి వచ్చినదని పండితులు చెప్పుదురు. రైతను పదము అరబ్బీ భాషలోని రయ్యతు శబ్దమునుండి పుట్టినది. కాపరి మేపెడి మంద యని దానికి మూలార్థము. పిదప నది యేలుబడిలోని ప్రజలకును, తుదకు భూమిని దున్నువానికిని చెల్లినది. ఒకడు జంతువు నెక్కినవాడుగాను, మఱియొకడు తానే మందలోనివాడుగాను పేళ్ళు పొందిరి. ఈ రెండు పేళ్ళ నడుమ మన పల్లెల చరిత్ర చాలభాగమిమిడియున్నది. కరీంనగరము, ఆదిలాబాదు మండలములను ముఖ్యముగా దృష్టియందుంచుకొని, చిన్న సేద్యగాని యింట గుఱ్ఱమును పోషించుట యెట్టిదియో, అది యేల మన రైతుయింట నిలువలేదో, ఎవరి కష్టముమీద నిలిచినదో చదువరులకు విన్నవింపదలచితిమి.

మొదట జంతువు సంగతి చూతము. ఎద్దు నెమరువేయు జంతువు. దాని కడుపు నాలుగు అరలుగా నుండుటచేత, జొన్నచొప్ప, వరిగడ్డి మొదలగు ముతకమేతనుండి సయితము అది బలమును తీసికొనగలదు. కంకులు మనము తీసికొని కాడను దానికి వేసినచో చాలును. గుఱ్ఱము నెమరువేయదు. దాని కడుపు చిన్నది. కావున కొంచెము కొంచెముగా దినములో చాలభాగము మేయుచుండవలెను. పచ్చిగడ్డి యున్నంతకాలము కొంత గడచును గాని, బరువు మోయింపవలెనన్న, దూరము నడపింపవలెనన్న దాణా తప్పదు. మన దేశమున నా దాణా ముఖ్యముగా ఉలవలు, శనగలు. ఉలవలను ఇంగ్లీషువారు గుఱ్ఱపుగింజలనియే పిలిచిరి. పేదవాని యింట చారుగాను గుగ్గిళ్ళుగాను ఉడుకు గింజయే రాజుగారి సాలలోను ఉడికినది. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువలేదను సామెత, పోషించి పోషించి విసిగినవాని నోటినుండియే వచ్చియుండును.

ఇప్పుడొక చిన్న లెక్క వేయుదము. పని చేయు తట్టువకు దినమునకు రెండు కిలోల గింజ పెట్టుదుమనుకొన్నచో ఏడాదికి 730 కిలోలగును. వానను నమ్ముకొన్న చెలకలో ఉలవలు ఎకరమునకు సుమారు 200 కిలోలు పండునని యెంచుదము. అనగా నొక తట్టువ దాణాకే మూడున్నర యెకరములకు పైగా భూమి వలయును. అయిదెకరముల రైతు గుఱ్ఱమును కట్టివేసినచో, తన భార్యాబిడ్డలకు ఎకరమున్నరకు తక్కువగానే మిగులును. ఇంతతో తీరలేదు. దినమునకు బిందెలకొలది నీరు తోడవలెను. గడ్డి కోసి తేవలెను. తోమవలెను, సాల నూడ్వవలెను. డెక్కలు పెరుగుచుండును గనుక నెలకో నెలన్నరకో లాడములు తీయించి, డెక్కలు చెక్కించి, మరల కొట్టింపవలెను. వర్షాకాలమున జోరీగల బాధ యొకటి. గుఱ్ఱములను చంపెడి సుర్రా యను జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్సు అను పశువైద్యుడు పంజాబులో కనుగొనెను; దానిని ఒక జంతువు రక్తమునుండి మఱియొకదానికి చేర్చునవి ముఖ్యముగా ఈ జోరీగలే. ఎద్దు సామాన్యముగా నా రోగమును తట్టుకొనును. గుఱ్ఱము తఱచుగా చచ్చును. అడవియు నీరును విస్తారముగా గల గోదావరి, ప్రాణహితల తీరములలో గుఱ్ఱము నిలుపుకొనుట యెంత కష్టమో దీనినిబట్టి యూహింపవచ్చును.

ఐరోపాఖండమున రైతులు గుఱ్ఱములతో దున్నిరిగదా, మనవారికేల చేతకాలేదని కొందఱడుగుదురు. ఇది మంచి ప్రశ్నయే. అచ్చట మెడకు ఉరిపడకుండ భుజములమీద బరువు పడునట్లు చేసిన మెత్తని పట్టెడ వాడుకలోనికి వచ్చిన పిదపను, మూడేండ్ల పంటమార్పిడిలో ఓట్లు అను ధాన్యము విరివిగా పండిన పిదపను, అనగా పదునొకండు, పండ్రెండవ శతాబ్దులనుండి మెల్లమెల్లగా గుఱ్ఱము నాగలికి వచ్చినది. అచ్చటి చల్లని నేలలో తేమయు పచ్చికయు సమృద్ధి. మన యెద్దునకు మూపురమున్నది. కాడి దానికి ముందు చక్కగా నానుకొని నిలుచును. నల్లరేగడిలో మెల్లగా, ఎడతెగక లాగుటకు దానికి సాటి లేదు. ఎండకోర్చును, చొప్పతో బ్రదుకును. కావున మన రైతు తెలివితక్కువచేత గుఱ్ఱమును విడువలేదు. లెక్క తెలిసియే విడిచెను. అచ్చట గుఱ్ఱము రైతుదైనది. ఇచ్చట దొరదిగా నుండిపోయినది.

దొరలకది యెందుకు కావలసివచ్చెను? యుద్ధమునకు. కాకతీయుల కాలమున ఓరుగల్లు రాజ్యమునకు గుఱ్ఱములు చాలవఱకు సముద్రము మీదుగా పరదేశములనుండి వచ్చుచుండెను. గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున, పూర్వరాజులు తుపానున చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు వస్తువులను బలిమిచే లాగికొనుచుండిరనియు, తాను సుంకము మాత్రము గైకొని తక్కినది విడిచెదననియు వర్తకులకు మాట యిచ్చెను. ఒక మహారాజు వర్తకులకిట్లు అభయమీయవలసివచ్చెననగా, వారు తెచ్చు సరకుల యక్కఱ యెంతటిదో తెలియుచున్నది. ఆ కాలపు అధికారుల పేళ్ళలో కానవచ్చు సాహిణి యను పదము గుఱ్ఱపు దళముల, ఏనుగు దళముల యధికారమును తెలుపును. నృత్తరత్నావళిని రచించిన జాయపసేనాని గజసాహిణి. కాయస్థవంశపు గంగయ సాహిణి పేరు శాసనములలో ప్రసిద్ధము.

పదుమూడవ శతాబ్ది చివర దక్షిణదేశపు తీరమునకు వచ్చిన మార్కోపోలో, అచ్చటి రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను పరదేశములనుండి కొనుచుండిరనియు, పోషణ యెఱిగినవారు లేక అవి సంవత్సరము తిరుగకమునుపే చచ్చుచుండెననియు వ్రాసెను. ఆయన చెప్పినది తమిళదేశపు మాట. అచ్చట గుఱ్ఱములకు అన్నముతో ఉడికించిన మాంసము పెట్టుచుండిరని కూడ ఆయన చెప్పెను. ఎంత ధనమున్నను, ఆ జంతువు స్వభావము తెలిసి దినదినము దానిని చూచుకొను చేతులు లేనిచో ఫలము లేదని దీనివలన తేలుచున్నది. ఆ చేతులవారి పేళ్ళు ఏ శాసనమునను లేవు.

1309లో బయలుదేరిన మాలిక్ కాఫరు దేవగిరిమీదుగా ఓరుగల్లునకు వచ్చుచు త్రోవలో నొక కోటను పట్టెనని అమీర్ ఖుస్రో వ్రాసెను. అది యిప్పటి ఆదిలాబాదు ప్రాంతపు సిర్పూరని చరిత్రకారులు గుర్తించిరి. మఱుసటి సంవత్సరము ప్రతాపరుద్రుడు సంధి చేసికొనినపుడు ఇచ్చిన కానుకల లెక్కను ఆ కాలపువారు పలువురు పలువిధముల వ్రాసిరి. బర్నీ మాత్రము 7,000 గుఱ్ఱములని చెప్పెను. ఆ సంఖ్య అతిశయోక్తి కావచ్చును, కానిండు. అన్ని గుఱ్ఱములకు దినమునకు మూడేసి కిలోల గింజ పెట్టినచో, ఒక్క దినమునకు 21,000 కిలోలగును. మనిషికి అరకిలో చొప్పున నది 42,000 మంది తిండి. చరిత్రగ్రంథములు మనకు గుఱ్ఱముల సంఖ్యను చెప్పును. ఈ రెండవ లెక్కను మాత్రము మనమే వేసికొనవలెను. ఆ గింజ సబ్బి మండలపు చెలకలనుండియు, అటువంటి మఱికొన్ని మండలములనుండియు గాక యెచ్చటినుండి వచ్చును?

పిదప రాజ్యములు మాఱినవి. దాణా బరువు మాఱలేదు. సిర్పూరు గోండురాజుల తొలి రాజధానియని సంప్రదాయము. అనంతరము వారి పెద్ద రాజ్యము చాందాలో నిలిచినది. 1751లో నాగపురపు భోంసలేలు చాందాను కలుపుకొనిరి. ఆ భోంసలేలు బేరారు ప్రాంతమున వసూలు చేసిన పన్నులలో నొకదాని పేరే ఘాస్‌దానా. అనగా గడ్డియు దాణాయు. గుఱ్ఱముల మేతయే పన్నునకు పేరైనది. ఆ కాలపు దండులలో శిలేదారులనియు, బారుగీరులనియు రెండు తెగలుండెడివి. సొంత గుఱ్ఱముతో కొలువునకు వచ్చువాడు శిలేదారు; ఇతరుల గుఱ్ఱమెక్కి పోరాడువాడు బారుగీరు. శిలేదారునకు గుఱ్ఱమే ఆస్తి. అది చచ్చినచో కొలువు పోవును, అప్పు మిగులును. ఈ శిలేదారీ పద్ధతి హైదరాబాదు కంటింజెంటు అశ్వదళములలో చిరకాలము నడచెను. 1903లో నా దళములు ఇండియా సైన్యమున కలిసిపోయినవి. దక్కను హార్సు అను పేరు వారినుండి వచ్చినదే.

పల్లెలో గుఱ్ఱమనగా ఇంత గొప్పది కాదు. అది పొట్టి తట్టువ. నిజాము రాజ్యమున చేరియుండిన నాందేడు మండలములోని మాళేగాము జాతరకు మార్గశిరమాసమున గుఱ్ఱములు, గాడిదలు, ఒంటెలు అమ్మకమునకు వచ్చుట పేరెన్నికగన్నది, నేటికిని వచ్చుచున్నవి. ఆ జాతర ఖండోబా దేవునిది. ఖండోబా గుఱ్ఱమెక్కిన దేవుడు. మన మల్లన్నయు నాతడే యని భక్తుల విశ్వాసము. కరీంనగరపు ఓదెలలో మల్లన్నను కొలుచు గొల్లలు, కుఱుమలు తాము మాత్రము కాలినడకనే మందల వెంట తిరుగువారు. దేవునికి గుఱ్ఱమును, తమకు నడకను పంచుకొన్న ఈ భక్తిలో లోకరీతి యంతయు కనబడుచున్నది.

తట్టువను సొంతముగా నుంచుకొనిన చిన్న వర్తకుని యింటి దినచర్య నూహింతము. తెల్లవాఱకమునుపే లేచి, రాత్రి నానవేసిన ఉలవలను పొయ్యిమీద పెట్టునది ఇల్లాలు. పేడ యెత్తునది, నీరు మోయునది ఆమెయే, లేక ఆమె కోడలు. పొద్దెక్కిన తరువాత కాళ్ళకు బంధము వేసి చెఱువుగట్టున విడుచుట కొడుకు పని. సంతదినమున మూటలు వేసికొని యజమాని పోవును. సాయంకాలము తిరిగి వచ్చినపుడు జీను తీసి, వీపుమీద పుండుపడినదేమోయని చేతితో తడవి చూచుట, డెక్కలోని రాళ్ళను తీయుట, ఇవి యెఱిగినవాని గుఱ్ఱము పదిహేనేండ్లు బ్రదుకును, ఎఱుగనివానిది రెండేండ్లు. ఇట్టి యింట గుఱ్ఱము బరువే యగును గాని పాపము కాదు. తినునది తమ గింజ, చేయునది తమ చాకిరి. అట్లే పట్టణములలో టాంగా తోలి బ్రదికినవారును. వారి గుఱ్ఱము ఆకలిగొన్న దినమున వారి పిల్లలును ఆకలిగొనిరి.

అక్రమము వేఱొకచోట నున్నది. దొర గుఱ్ఱమునకు, దౌరా వచ్చిన సర్కారు ఉద్యోగి గుఱ్ఱమునకు గడ్డి యెవరు కోసిరి? పెద్ద యింట నొక గుఱ్ఱమునకు సాయీసొకడు, గడ్డి కోయువాడొకడు వేఱుగా నుండుట మర్యాదగా నుండెను. పల్లెలో నా మర్యాదను జీతములేకుండ నడపిన పేరు వెట్టి. ఉద్యోగి ఊరికి వచ్చుచున్నాడన్న కబురు తెలియగానే, మాలలు మూటలు మోయవలెను, త్రోవ చూపవలెను, బండి ముందు పరుగెత్తవలెను. మాదిగలు తోలుపనులు ఊరకే చేసిపెట్టవలెను. కుమ్మరి కుండలీయవలెను, చాకలి, మంగలి తమ తమ పనులకు రావలెను. గడ్డి, కట్టెలు, పాలు, కోళ్ళు ఊరిమీద పడును. తన చేనిలో కలుపు మిగిలిపోయినను, కూలివాడు పరుల గుఱ్ఱమునకు గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని పోవలెను. గడీ ముందు చెప్పులు విడిచి నడువవలసినవానికి గుఱ్ఱమెక్కు మాట కలలోనైన రాదు. జంతువును పోషించు కష్టము ఒకరిది. దానిమీద నెక్కు గౌరవము మఱియొకరిది.

ఈ యాచారమును మొదట కలముతో నెదిరించినవారు మన తెలంగాణపు విద్యావంతులు. 1921లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్రజనసంఘము వెట్టిచాకిరినిగూర్చి చిన్న పొత్తమును ప్రకటించి ప్రజల కన్నులు తెఱపించెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ మొదటిసారి సమావేశమయ్యెను. నాలుగవ సభ 1935లో కరీంనగరము మండలమందలి సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను జరిగెను. అడవిసీమలో దారి వేఱైనది. మేతపన్నులతోను, అటవీయుద్యోగుల వసూళ్ళతోను విసిగిన గోండులను కూడగట్టిన కొమురం భీము 1940లో జోడేఘాట్‌వద్ద ప్రాణములు విడిచెను. పిదప ప్రభుత్వము పంపగా వచ్చి యా గూడెములను పరిశీలించిన హైమెన్‌డార్ఫు పండితుడు, ఉద్యోగులు గోండులచేత చేయించుకొనిన యుచితపు చాకిరిని, లాగికొనిన మామూళ్ళను 1945లో వెలువడిన తన గ్రంథమున వివరించెను.

ఇంతలో గుఱ్ఱము త్రోవనుండి తొలగుచుండెను. కాజీపేటనుండి బల్లార్షాకు రైలుమార్గము 1929 నాటికి పూర్తియైనది. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డురవాణా నారంభించిరి. ఉద్యోగులు క్రమముగా జీను దిగి మోటారెక్కిరి. అయినను వెట్టి గుఱ్ఱముతోకూడ పోలేదు. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1976లో వెట్టికూలీ నిర్మూలన చట్టము వచ్చెను. అటుపిమ్మట 1978లో సయితము జగిత్యాల ప్రాంతపు కూలీలు, రైతులు వేలకొలదిగా వీధులలోనికి రావలసివచ్చెను. వారి కోరికలలో వెట్టి మాన్పుట యొకటి. గడ్డి తినెడి జంతువు పోయిన తరువాత సయితము గడ్డి కోయించుకొను నలవాటు బ్రదికియుండెననుటకు ఇంతకన్న తార్కాణము వలయునా?

గుఱ్ఱము మన పూర్వుల శౌర్యమునకు గుర్తుగదా, దానిని నిందింపనేల యని కొందఱు పెద్దలు నొచ్చుకొనవచ్చును. మేము గుఱ్ఱమును నిందించుట లేదు. దానంత చురుకైన, మనిషిమాట నెఱిగిన మృగము అరుదు. శౌర్యమును గూడ కాదనుట లేదు. మేము కోరునది, లెక్క పూర్తిగా వ్రాయవలెననియే. కోటగోడమీద రౌతు బొమ్మను చూపి పిల్లలకు కథ చెప్పునపుడు, ఆ గుఱ్ఱము ఆ పూట తిన్న ఉలవలు ఎవరి చేనివి, గడ్డిమోపు ఎవరి నెత్తిది యని కూడ చెప్పవలెను. అట్లు చెప్పినచో చరిత్రకు గౌరవము తగ్గదు. అందులో మనుష్యుల సంఖ్య పెరుగును.

నేడు మన దేశమున గుఱ్ఱములే తగ్గిపోవుచున్నవి. 2012 పశుగణనలో ఆఱు లక్షలకు పైగా నున్న గుఱ్ఱములు, తట్టువలు 2019 గణననాటికి 3.4 లక్షలకు దిగినవి. మిగిలినవానిలో కొన్ని పెండ్లి ఊరేగింపులలో కనబడుచున్నవి. వరుడు రెండు గడియలు రౌతగును. బాణసంచా మ్రోతలో, దీపముల వేడిలో, కఠినమైన త్రోవమీద ఆ జంతువు బెదరుచు నిలుచును. దాని కళ్ళెము పట్టిన బాలుడు తిండి తినెనో లేదో విచారించు గృహస్థులు కొలదిమంది. ఉత్తరదేశమున దళిత వరులు గుఱ్ఱమెక్కి ఊరేగరాదని అడ్డగించి కొట్టిన వార్తలు ఈ శతాబ్దిలో సయితము పలుమాఱు వచ్చినవి. గుఱ్ఱము కనుమఱుగగుచున్నను, దాని జీనుమీద కూర్చుండు హక్కును గూర్చిన యహంకారము కనుమఱుగు కాలేదు.

కావున గృహస్థులకు మా మనవి యిది. పొలమున గుఱ్ఱమును పెంచవలెనని ముచ్చటపడువారు మున్ముందు దాణాకు, నీటికి, లాడములకు, వైద్యమునకు లెక్క వేసికొనుడు. దానిని తోమువానికి తగిన జీతమును అందులోనే చేర్చుడు. ఆ లెక్క మోయలేనిచో ముచ్చటను మానుకొనుట మేలు. పెండ్లికి గుఱ్ఱమును తెచ్చువారు దానికి నీడను, నీటిని, దాని వెంట వచ్చినవానికి పంక్తిలో విస్తరిని సిద్ధముచేయుడు. గుఱ్ఱము లేని యిండ్లలోను ఇదే ప్రశ్న వేఱు రూపమున నున్నది. మన సౌఖ్యమునకు వాహనము ఏదైనను, దానికి గడ్డి కోయువాడొకడు ఎక్కడనో యుండును: అంట్లు తోము స్త్రీ కావచ్చును, మూటమోయు కూలి కావచ్చును. వాని కూలి వానికి ముట్టినదా, వాని మాటకు మన వాకిట మర్యాద యున్నదా యని ప్రతి యిల్లును విచారించుకొనవలెను. సిరిసిల్ల సభకు కాలినడకను వచ్చినవారు మనకు మిగిల్చిపోయిన పని యింకను ముగియలేదు.